పెదవేగిలో ఉన్న నర్సు భీమడోలులో ఎందుకు లేదు?

బడి పిల్లల ఆరోగ్యం మాట వచ్చినప్పుడల్లా ప్రభుత్వాల దగ్గర ఒకటే జవాబు: టీచర్లకు శిక్షణ ఇస్తాం. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమమూ బడికి ఇద్దరు టీచర్లను ‘ఆరోగ్య రాయబారులు’గా పెట్టి చేతులు దులుపుకుంది. పాఠం చెప్పి, పరీక్ష పెట్టి, హాజరూ భోజనాల లెక్కా యాప్‌లో ఎక్కించే టీచరు నెత్తినే ఈ బరువూ పెట్టారు. ఇది తప్పు. ప్రతి ఉన్నత పాఠశాలకూ ఒక నర్సు కావాలి.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. మన ఏలూరు జిల్లాలోనే, పెదవేగి నవోదయ విద్యాలయంలో స్టాఫ్ నర్సు పోస్టు ఉంది. దేశంలో ప్రతి నవోదయకూ ఉంది. భీమడోలు మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల సిబ్బంది పట్టికలో ఆ పోస్టే లేదు. ఈ ఊసు ఎవరూ ఎత్తరు. ఇక్కడ ఐదో తరగతి చదివే పిల్ల నవోదయ పరీక్ష గట్టెక్కితే ఏడేళ్లు నర్సు కనిపెట్టుకుని ఉంటుంది. ఒక్క మార్కు తగ్గితే ఎవరూ ఉండరు. ఒంట్లో బాగోనప్పుడు చూసే మనిషిని కూడా ప్రవేశ పరీక్ష రాసి గెలుచుకోవాలా?

నవోదయ వసతి బడి కాబట్టి అక్కడ అవసరం అంటారు. నిజమే. అయితే ఇంటి నుంచి వచ్చే పిల్లల సంగతీ చూడాలి. ఆగడాలలంక, చెట్టున్నపాడు లాంటి కొల్లేటి ఊళ్లలో తెల్లారకముందే చేపల చెరువుల పనికి పోయే తల్లిదండ్రులు ఎందరో. టీ నీళ్లు తాగి బడికొచ్చిన ఆడపిల్ల ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోతుంది. టీచర్లు మొహాన నీళ్లు చల్లి, గ్లూకోజు పట్టి, బెంచీ మీద పడుకోబెడతారు. రెండో పీరియడ్‌కి లేచి క్లాసుకు పోతుంది. అంతటితో సరి.

నర్సు ఉంటే కింది కనురెప్ప లాగి, పాలిపోయిందేమో చూస్తుంది. హిమోగ్లోబిన్ పరీక్ష చేస్తుంది. నెలసరి ఎన్నాళ్లు ఉంటోందని పక్కకు పిలిచి అడుగుతుంది. వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ బిళ్ల మింగుతోందా, వికారమని పారేస్తోందా కనుక్కుంటుంది. అన్నం తిన్నాక ఎదురుగా మింగిస్తుంది. వచ్చే వారం మళ్లీ చూస్తుంది.

ఆ మళ్లీ చూడటమే మన బడుల్లో లేదు. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడికి రావలసింది ఏడాదికి ఒక్కసారి. పరీక్షించి, పెద్దాసుపత్రికి చీటీ రాసి వెళ్తారు. కూలి మానుకుని ఏలూరు తీసుకెళ్లేది ఎవరు? న్యూయార్క్‌లోనూ ఒకప్పుడు డాక్టర్లు బడికొచ్చి గజ్జి, కంటి జబ్బులున్న పిల్లల్ని ఇంటికి పంపేసేవారు. 1902 సెప్టెంబరులో అలా పంపేసినవి 10,567 సార్లు. అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సును పెట్టారు. ఆమె బడిలోనే మందు రాసింది, ఇళ్లకు వెళ్లి తల్లులకు చెప్పింది. ఫలితం చూసి మరికొందరు నర్సులను తీసుకున్నారు. మరుసటి సెప్టెంబరుకు ఆ సంఖ్య 1,101కి దిగింది. జబ్బు కనిపెట్టడం వేరు, నయమయ్యేదాకా వెంట ఉండటం వేరు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో పదిమందికి ఆరుగురు రక్తహీనులు. ఆ వయసులోనే తల్లులైనవారు, గర్భిణులు కలిపి 12.6 శాతం. దేశ సగటు 6.8. ఇంట్లో పెళ్లి మాటలు మొదలయ్యాయని తొమ్మిదో తరగతి పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? గుట్కా మానలేకపోతున్నానని మగపిల్లాడు ఎవరి దగ్గర నోరు విప్పుతాడు? రేపు మార్కులు వేసే టీచరు దగ్గరా?

సచివాలయ ఏఎన్‌ఎం ఉందిగా అంటారు. టీకాలు, గర్భిణులు, సర్వేలు, యాప్‌లతోనే ఆమెకు పొద్దు చాలడం లేదు. డబ్బు లేదంటారు. పెదవేగికి ఉన్న డబ్బు భీమడోలుకు వచ్చేసరికి ఎందుకు లేకుండా పోతోంది? అన్ని బడులకూ ఒకేసారి కుదరకపోతే కొల్లేటి మండలాల నుంచి మొదలుపెట్టండి. నర్సింగ్ చదివిన మన అమ్మాయిలు ఉద్యోగం కోసం గల్ఫ్ విమానం ఎక్కుతున్నారు. వాళ్లను మన బడికి పిలవండి.

ఇక శిక్షణలు, పోస్టర్లు, రాయబారులు చాలు. పెదవేగి పిల్లల ఒంట్లో ఉన్న నెత్తురే భీమడోలు పిల్లల ఒంట్లోనూ ఉంది. జిల్లా పరిషత్ బడి సిబ్బంది పట్టికలో ‘నర్సు’ అనే ఒక్క వరుస రాయండి. ఆ వరుస రాయనంతకాలం కౌమార ఆరోగ్యం గురించి ఏ వేదిక మీదా మాట్లాడే అర్హత మీకు లేదు.