కప్పుకి స్పాన్సరున్నాడు, మోకాలికి లేడు

సంక్రాంతి కబడ్డీ పోటీల్లో దేనికి డబ్బు తక్కువైంది, చెప్పండి? ఫ్లెక్సీలకు ఉంది, డీజేకు ఉంది, మొదటి బహుమతి ఇచ్చిన నాయకుడి నిలువెత్తు బొమ్మకూ ఉంది. మా తమ్ముడి మోకాలి దగ్గరికి వచ్చేసరికే అందరి జేబులూ ఖాళీ అయిపోయాయి!

కూతకు వెళ్లి గీతవైపు తిరుగుతుంటే వెనక నుంచి ఇద్దరు పట్టేశారు. పాదం మట్టిలో పాతుకుపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. టప్పుమన్న చప్పుడు బరి పక్కన కూర్చున్న పిల్లలకు కూడా వినపడింది. కమిటీ చేసిన వైద్యం ఏమిటంటే, నొప్పి స్ప్రే కొట్టి, ఆటోకని ఐదొందలు చేతిలో పెట్టడం. వాడింకా గేటు దాటకముందే విజిల్ ఊది ఆట మొదలెట్టేశారు.

ఎమ్మారై తీస్తే లిగమెంట్ పూర్తిగా తెగిందన్నారు. తొడ వెనక నుంచి స్నాయువు తీసి, దాన్ని మోకాల్లో స్క్రూలతో బిగించాలి. ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ. అది మానేస్తే కాలు బిగుసుకుపోతుంది, చేసిన ఆపరేషనూ దండగే. వాడు చేసేది టైల్స్ పని. పొద్దస్తమానం మోకాళ్ల మీద కూర్చుంటేనే కూలి గిట్టేది. కూర్చోలేనివాణ్ని మేస్త్రీ ఎందుకు పిలుస్తాడు?

నేను బలవంతాన తీయించిన ఆరోగ్య బీమా పాలసీ ఆదుకుంటుందనుకున్నాం. కంపెనీవాళ్లు ముందు అడిగిన ప్రశ్న, ‘అబ్బాయి ప్రొఫెషనల్ ప్లేయరా?’ అని. ప్రమాదకర క్రీడల్ని వృత్తిగా ఆడేవాళ్ల గాయాలకు మినహాయింపు ఉంది, నిజమే. అందులో పర్వతారోహణ, గుర్రప్పందేలు, స్కూబా డైవింగ్ లాంటివి రాసి ఉన్నాయి. కబడ్డీ ఎక్కడుందయ్యా అంటే జవాబు లేదు. చివరికి ఒప్పుకున్నారు గానీ, గది అద్దె పరిమితి దాటిందని డాక్టరు ఫీజులోనూ అదే లెక్కన కోత కోశారు. గ్లౌజులకు ఇవ్వరట. ఫిజియోకి అసలే ఇవ్వరట. మిగిలింది అమ్మ మెళ్లో గొలుసు.

ప్రభుత్వం మాటా చెప్పుకుందాం. కష్టాల్లో ఉన్న క్రీడాకారుల కోసం కేంద్రంలో 1982 నుంచి సంక్షేమ నిధి ఉంది, పేరు ప్రతిష్ఠలు తెచ్చుకున్నవాళ్లకు. పేరు రాకముందే కాలు విరిగినవాడి సంగతి ఎవరికి పట్టింది? 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీని తొలిసారి చేరిస్తే స్వర్ణం మనదేనని ఇప్పటికీ చంకలు గుద్దుకుంటాం. ఆ ఆట పుట్టి పెరిగిన మట్టిలో మాత్రం పోటీకి ఒక అంబులెన్సు పెట్టించలేం, ఆడేవాళ్లకు ఆ నాలుగు రోజులకైనా ప్రమాద బీమా కట్టించలేం. డీజేవాడి అడ్వాన్సు మాత్రం నెల ముందే చేరుతుంది.

మొన్న కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. ఈసారి తమ్ముణ్ని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పుతారట, ఎమ్మెల్యే గారు కూడా వస్తారట. మీ శాలువా మాకొద్దు బాబూ. ఫిజియోథెరపీ బాకీ ఇంకా అలాగే ఉంది, వచ్చి అది కట్టండి.