కరెంటు వైద్యం ముగిశాక కడుపులో రక్తస్రావం

క్యాన్సర్‌కు కరెంటు వైద్యం, అంటే రేడియేషన్, ఇచ్చినప్పుడు కిరణాలు గడ్డనే కాక, పక్కనున్న జీర్ణకోశపు పొరనూ తాకుతాయి. చికిత్స జరిగే రోజుల్లో వచ్చే వాంతులు, విరేచనాలు వారాల్లో సర్దుకుంటాయి. అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. పొరకు రక్తం తెచ్చే సన్నని నాళాలు క్రమంగా మూసుకుపోతాయి. రక్తం చాలక పొరలో కొత్త నాళాలు పుడతాయి. అవి పెళుసువి, చిన్న ఒరిపిడికే చిట్లుతాయి. ఇదంతా జరగడానికి నెలలు, కొందరిలో ఏళ్లు పడుతుంది.

జీర్ణాశయం, క్లోమం, కాలేయం దగ్గరి గడ్డలకు రేడియేషన్ ఇస్తే రక్తస్రావం జీర్ణాశయం నుంచి రావచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఇస్తే పురీషనాళం నుంచి రావచ్చు. పల్లె మహిళల్లో ఈ క్యాన్సర్ ముదిరాకే బయటపడడం ఎక్కువ. ఆ దశలో రేడియేషనే ప్రధాన చికిత్స.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చర్ల మండలం నుంచి ఈ చికిత్స కోసం హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికి వెళ్లాలంటే భద్రాచలం మీదుగా 350 కిలోమీటర్లకు పైనే. 1955 నుంచి పేద రోగులకు ఆదరువుగా ఉన్న ఆసుపత్రి అది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం వల్ల రేడియేషన్ ఖర్చు భారం తగ్గింది. కానీ రక్తం కనిపించే నాటికి రోగి తాలిపేరు నది పక్కన తన గూడెంలో ఉంటారు, రేడియేషన్ ఇచ్చిన వైద్యులు రాజధానిలో ఉంటారు. ఈ దూరమే జబ్బును ముదరబెడుతోంది.

మలంలో ఎర్రటి రక్తాన్ని మొలలుగా భావించి నెలల తరబడి మొలల మందే వాడడం పరిపాటి. జీర్ణాశయం నుంచి కారే రక్తం తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో వస్తుంది. రక్తహీనతకు ఇచ్చే ఇనుము మాత్రలతోనూ మలం నల్లబడుతుంది కాబట్టి పోల్చుకోవడం కష్టం. ఆయాసం, కళ్లు తిరగడం, పాలిపోవడం తోడైతే ఆలస్యం చేయకూడదు. ఒంటినొప్పులకు వాడే డైక్లోఫెనాక్ సూదులు, ఆస్పిరిన్ మాత్రలు ఈ రోగులకు నిజంగా ప్రమాదం. ఆ సంగతి ఊళ్లోని ఆర్‌ఎంపీకి ఎవరు చెప్పాలి? డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రెండు వాక్యాలు రాస్తే సరిపోయేది.

చికిత్సలో మొదటి పని, అవసరమైతే రక్తం ఎక్కించి మనిషిని నిలబెట్టడం. దీన్ని భద్రాచలం ఏరియా ఆసుపత్రిలో చేయవచ్చు. తర్వాత ఎండోస్కోపీతో రక్తం ఎక్కడిదో చూడాలి, క్యాన్సర్ తిరగబెట్టలేదని నిర్ధారించుకోవాలి. రేడియేషన్ తగిలిన పురీషనాళపు ముందు గోడ నుంచి అవసరం లేకుండా ముక్క తీయకూడదు. ఆ పుండు మానక రంధ్రం పడవచ్చు.

జీర్ణాశయంలో తేలికపాటి స్రావమైతే ఆమ్లం తగ్గించే మాత్రలు, సుక్రాల్ఫేట్ ద్రవం ఇస్తారు. పురీషనాళానికి అదే సుక్రాల్ఫేట్‌ను ఎనిమాగా ఇస్తారు. చండీగఢ్ పీజీఐ వైద్యులు 37 మంది రోగులపై చేసి 1991లో ప్రచురించిన అధ్యయనంలో, సల్ఫాసలజైన్ మాత్రలు, స్టెరాయిడ్ ఎనిమాలు కలిపి ఇచ్చిన దానికన్నా ఇదే బాగా పనిచేసింది. 2 గ్రాముల మందును నీళ్లలో కలిపి రోజుకు 2 సార్లు ఎక్కించడమే. మందు చవక, నర్సు చేయగలిగిన పని. చర్ల ప్రభుత్వాసుపత్రిలో ఇది దొరకకపోవడానికి సరైన కారణమేదీ ఉండదు.

మందులకు లొంగకపోతే ఆర్గాన్ ప్లాస్మా పద్ధతి ఉంది. ఎండోస్కోప్ గుండా ఆర్గాన్ వాయువును పంపి, దాని ద్వారా విద్యుత్తుతో, పొరను తాకకుండానే నాళాలను మాడుస్తారు. వేడి కొద్ది మిల్లీమీటర్ల లోతుకే పోతుంది. సాధారణంగా కొన్ని వారాల ఎడంతో పలుమార్లు చేయాలి. పురీషనాళంలో చేసేముందు పేగు శుభ్రం కాకపోతే లోపలి వాయువులు అంటుకునే ముప్పుంది. ఈ సదుపాయం కొత్తగూడెం, ఖమ్మంలో ప్రభుత్వపరంగా నిలకడగా దొరికితే, ప్రతి విడతకూ హైదరాబాద్ బస్సెక్కే అవసరం తప్పుతుంది.

అప్పటికీ ఆగకపోతే పురీషనాళానికి ఫార్మలిన్ పూత, లేదా అధిక పీడన ఆక్సిజన్ గది. ఆ గదిలో రోజుకు గంటన్నర చొప్పున 30 నుంచి 40 విడతలు కూర్చోవాలి. అంటే కూలి మానుకుని నెలన్నర నుంచి రెండు నెలలు నగరంలో ఉండాలి. శస్త్రచికిత్స చివరి మార్గం. రేడియేషన్ తిన్న కణజాలం కుట్లను సరిగా పట్టుకోదు కాబట్టి, ప్రాణం మీదికి వస్తే తప్ప సర్జన్లు దానికి పూనుకోరు.

రక్తం ఆగిన తర్వాత కూడా కొన్ని నెలలకోసారి హిమోగ్లోబిన్ చూడాలి. ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా జరిగే పరీక్ష ఇది. రేడియేషన్ పూర్తయిన వారి పేర్లు ఆసుపత్రి నుంచి మండలానికి చేరితే, ఆశా కార్యకర్త ఆ ఇళ్లకు వెళ్లి రక్తం పోతోందా అని అడగగలదు.