‘పిల్లలు పుట్టాక చూద్దాం’

రొమ్ముల బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటానని 22 ఏళ్ల అమ్మాయి అడిగితే ఇంట్లోవాళ్లు, చాలాసార్లు డాక్టర్లు కూడా, ఒకటే జవాబు చెబుతారు: ముందు పెళ్లి కానీ, పిల్లలు పుట్టనీ, తర్వాత చూద్దాం. వినడానికి ముందుచూపులాగే ఉంటుంది. నిజానికి అది ఒకవైపు లెక్క.

ఆపరేషన్‌తో పోయేదేమిటో వివరంగా చెబుతారు. ఆగితే పోయేది మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. మెడనొప్పి, నడుంనొప్పి, బ్రా పట్టీలు ఒత్తుకుని భుజాల మీద పడ్డ గుంటలు, ఎండాకాలం రొమ్ముల కింది మడతలో చెమటకు ఒరిసి లేచే పుండ్లు, ఆటలు మానేసిన కాలేజీ రోజులు. పెళ్లి 28కి అయి, ఇద్దరు పిల్లలు పుట్టి, రెండోవాడు పాలు మానేసరికి ఆమెకు 35. ఇంకా ముఖమైనా చూడని మొగుడి కోసం, కడుపున పడని బిడ్డ కోసం పదమూడేళ్లు ఆ బరువు మొయ్యమంటున్నారన్నమాట. అదే మగపిల్లాడికి ఛాతీ పెరిగితే పెళ్లిలోపే ఆపరేషన్ చేయించెయ్యమంటారు!

అసలు భయం పాల గురించి. అది ఉత్త భయమేమీ కాదు. చనుమొనను పూర్తిగా వేరుచేసి మళ్లీ అతికించే పద్ధతిలో పాలనాళాలు తెగిపోతాయి. మరీ పెద్ద రొమ్ములకు దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. కానీ ఎక్కువమందికి చేసేది అది కాదు. చనుమొనను దాని కింది కణజాలంతో, రక్తనాళాలతో, నరాలతో కలిపే పైకి జరుపుతారు. 2017లో ‘ప్లాస్ వన్’ పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. చనుమొన కింది కణజాలాన్ని పూర్తిగా ఉంచిన పద్ధతుల్లో పాలివ్వగలిగినవారి మధ్యస్థ శాతం 100, కొంత ఉంచితే 75, ఏమీ ఉంచకపోతే 4. పాలివ్వగలగడమంటే ఏమిటన్నది ఒక్కో అధ్యయనంలో ఒక్కో తీరు, కాబట్టి ఆ 100ని హామీపత్రంగా చదవకూడదు. అయినా తేడా ఎక్కడుందో తెలుస్తూనే ఉంది: ఎలా కోశారన్నదానిలో.

పైగా పోలికే తప్పు. ఆపరేషన్ అయిన తల్లికి పాలు చాలకపోతే నేరం కత్తిదే అంటారు. కానీ చాలా పెద్ద రొమ్ములున్న తల్లులు ఆపరేషన్ లేకుండానే బిడ్డ నోటికి అందించలేక అవస్థపడతారు. ప్యూర్టోరికోలో ఒక అధ్యయనంలో ఈ రెండు రకాల తల్లులనూ పోల్చి చూస్తే పాలివ్వడంలో పెద్ద తేడా కనబడలేదు.

గర్భంతో రొమ్ములు మళ్లీ పెరగొచ్చు, జారొచ్చు, రెండో ఆపరేషన్ కావలసి రావొచ్చు. ఇది నిజమే. ఏడాదిలో బిడ్డను కనాలనుకునే ఆవిడ ఆగడమే మేలు. పాలు మాన్పించాక కూడా కొన్ని నెలలు ఆగాలి. కానీ సంబంధాలే చూడని అమ్మాయికి అదే సలహా ఇవ్వడమెందుకు? రెండోసారి కోత పడొచ్చని తెలిసీ పదేళ్ల సుఖం కావాలనుకుంటే, ఆ బేరం ఆమెది.

ఆమె సర్జన్‌ని అడగవలసినది వేరే ఉంది. చనుమొన కింది కణజాలం ఎంత ఉంచుతారు, ఎంత తీసేస్తారు, పాలు చాలకపోతే ఏం చెయ్యాలి? ‘ముందు పెళ్లి కానీ’ అన్నదే జవాబైతే, ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్లొచ్చు.