ఇంటికొచ్చిన పాఠానికి పరీక్ష పెట్టేదెవరు?

పిల్లల చదువు పేరుతో ఇంటికి వచ్చే విక్రయ ప్రతినిధి దగ్గర సాఫ్ట్‌వేర్ కొనాలా వద్దా అన్న చిక్కుముడిని కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ 2021 డిసెంబరు 23న ఒక సూచనల పత్రం విడుదల చేసి, తల్లిదండ్రుల చేతిలోనే పెట్టి తప్పుకుంది. ఖాతా నుంచి వాయిదా దానంతటదే కోత పడే ఆటో డెబిట్ ఏర్పాటును ఎంచుకోవద్దని, తెలియకుండా రుణాలకు సంతకాలు పెట్టవద్దని ఆ పత్రం చెప్పిన జాగ్రత్తలు సబబైనవే; పాఠాల నాణ్యతను సైతం తల్లిదండ్రులే సరిచూసుకోవాలని అందులో రాయడం మాత్రం ప్రభుత్వం చేయవలసిన పనిని పౌరుడి నెత్తిన పెట్టడమే. అమ్మేవారితో సంబంధం లేని పరీక్షలో ఫలితం చూపని సాఫ్ట్‌వేర్‌ను కొననక్కరలేదు, ఆ పరీక్ష జరిపించవలసింది ప్రభుత్వమే; ఈ రెండూ ఒప్పుకోకుండా సాగే చర్చ ఎటూ తేలదు.

ఇక్కడ ఎవరూ పట్టించుకోని అంకె ఒకటుంది: 9,424. అమెరికా కాంగ్రెస్ చట్టం ద్వారా ఆదేశించగా, అక్కడి విద్యాశాఖ 132 పాఠశాలల్లో 9,424 మంది విద్యార్థులపై జరిపించిన అధ్యయనం 2007లో వెలువడింది. కొన్ని తరగతులకు సాఫ్ట్‌వేర్ ఇచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా, ఎవరికి ఇవ్వాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చి, చివర రెండు వర్గాల మార్కులనూ పోల్చే యాదృచ్ఛిక పరీక్ష అది. సాఫ్ట్‌వేర్లు కంపెనీలు తామై ముందుకొచ్చి పరిశీలనకు పంపినవే, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది కూడా ఆ కంపెనీలే. అయినా చదవడంలో గాని, గణితంలో గాని, సాఫ్ట్‌వేర్ వాడిన తరగతుల మార్కులు వాడని తరగతుల కంటే చెప్పుకోదగ్గ స్థాయిలో పెరగలేదు. 2009లో వచ్చిన రెండో విడత నివేదిక పది ఉత్పత్తులను విడివిడిగా పరిశీలిస్తే, స్పష్టమైన మేలు కనిపించింది ఒక్కదానితోనే.

కూర్చున్న చోట ఉపాధ్యాయుడు, కంపెనీ ఇచ్చిన శిక్షణ, నిర్ణీత సమయం ఉన్న తరగతి గదిలోనే 9,424 మందికి దక్కని ఫలితం, సాయంత్రం హాల్లో టీవీ మోగుతుండగా ఒంటరిగా ట్యాబ్ ముందు కూర్చున్న ఆరో తరగతి పిల్లకు ఎలా దక్కుతుందో ప్రతినిధి చెప్పడు, ఎందుకంటే అతని పని అది కాదు. తరచూ జరిగే తంతు వేరు: ముందు ఉచిత డెమో, ఆ పైన పిల్లకు ఆమె తరగతిని మించిన నాలుగు లెక్కలు, తడబడగానే 'బేసిక్స్ లేవండీ' అని తల్లి వైపు చూపు, తండ్రి ఆఫీసు నుంచి వచ్చేలోపే ముగిసిపోయే డిస్కౌంటు. ఆ వెనుకే ఆధార్, పాన్ నంబర్లు, ఫోనుకు వచ్చిన ఓటీపీ. ఆ ఓటీపీతో కుదిరేది చాలాసార్లు చందా మాత్రమే కాదు, బ్యాంకు కాకపోయినా అప్పులిచ్చే ఆర్థిక సంస్థతో అప్పు ఒప్పందం కూడా. చందా రద్దు చేసుకున్నా అప్పు దానికదే రద్దు కాదని ఆ కుటుంబానికి తెలిసేది రెండో వాయిదా కోత పడ్డాకే.

సాఫ్ట్‌వేర్‌తో చదువు రాదని వాదించడం కూడా తొందరపాటే అవుతుంది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాఠాలు చెప్పే కేంద్రాలపై ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37 ప్రామాణిక విచలనాల మెరుగుదల నమోదైంది, అంటే వందమందిలో సరిగ్గా నడుమ ఉన్న విద్యార్థి సుమారు 14 మందిని దాటి ముందుకు వచ్చాడన్నమాట. ఎడ్‌టెక్, అంటే విద్యా సాంకేతికత, సమర్థకులు ఈ అంకెను చేతపట్టుకుని తిరుగుతారు గాని, ఆ పిల్లలు వారానికి ఆరు రోజులు కేంద్రానికి వెళ్లారని, తొంభై నిమిషాల్లో సగం సేపు చిన్న బృందంగా ఒక బోధకుడి దగ్గర కూర్చున్నారని, పాఠం తరగతిని బట్టి గాక పిల్లవాడికి వచ్చినంత మేరనుంచి మొదలైందని మాత్రం చెప్పరు. గణితంలో పాఠశాల పరీక్షల మార్కులు ఆ స్థాయిలో పెరగలేదన్నది అదే అధ్యయనంలోని విషయం. ప్రతినిధి ఇంట్లో కూర్చుని హామీ ఇచ్చేది సరిగ్గా ఆ మార్కులకే.

2007 నాటి సంగతి పాతబడిందని, ఇప్పటి కృత్రిమ మేధ వేరని ఒక అభ్యంతరం వినిపిస్తుంది. కావచ్చు. అలాంటప్పుడు కొత్త 9,424 మందిని చూపించవలసిన భారం ఆ మాట అనేవారిదే గాని, డబ్బు కట్టేవారిది కాదు. అలాంటి పరీక్షకు బదులు పెట్టుబడిదారుల నమ్మకాన్ని నాణ్యతకు రుజువుగా చూపే అలవాటు ఏ గతి పట్టిందో ఆన్‌లైన్ పాఠాల సంస్థ బైజూస్ ఉదంతమే చెబుతుంది: 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ పలికిన సంస్థపై 2024 జులైలో దివాలా ప్రక్రియ మొదలైంది.

తల్లిదండ్రులకు జాగ్రత్తలు చెప్పే ప్రభుత్వాలు తాము కొనేటప్పుడు ఏం చేశాయో చూస్తే చిరాకు రెట్టింపవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు 5.18 లక్షల ట్యాబ్‌లను బైజూస్ పాఠాలతో సహా పంచినప్పుడు, అధికార ప్రతిపక్షాలు పరికరం ధర మీద, కంపెనీ పేరు మీద కొట్టుకున్నాయి తప్ప, ట్యాబ్ అందిన బడికీ అందని బడికీ మధ్య మార్కుల తేడా ఎంతన్న ప్రశ్నను ఎవరూ గట్టిగా అడగలేదు. విడతలవారీగా పంచి, మొదటి ఏడాది కొన్ని మండలాలను లాటరీలో ఎంచుకుని ఉంటే, 9,424 మందికి ఎన్నో రెట్లు పెద్ద పరీక్ష దాదాపు అదనపు ఖర్చు లేకుండానే ఇక్కడ జరిగి ఉండేది.

పధ్నాలుగేళ్ల లోపు పిల్లల చేతికిచ్చే ఆటబొమ్మకు భారత ప్రమాణాల సంస్థ ముద్ర ఉండి తీరాలన్న ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. రబ్బరు బాతును పరీక్షించకుండా బజారుకు రానివ్వని ప్రభుత్వమే, అదే ఏడాది డిసెంబరులో, కుటుంబాన్ని ఏళ్ల తరబడి వాయిదాల్లో దింపగల పాఠాన్ని మీరే పరీక్షించుకోండని తల్లికి చెప్పగలిగింది. ఎన్‌సీఈఆర్‌టీ ఉంది, ప్రతి రాష్ట్రానికీ విద్యా పరిశోధన శిక్షణ మండలి ఉంది, అమ్మకాలకు ముందు రుసుము కట్టించుకుని పరీక్ష జరిపించి ఫలితాన్ని కరపత్రం మొదటి పేజీలోనే అచ్చువేయించే నిబంధన ఒక్కటే లేదు. అది వచ్చేదాకా, గుమ్మంలో నిలబడ్డ ప్రతినిధికి 'మీ సాఫ్ట్‌వేర్‌ను మీరు కాకుండా ఎవరు పరీక్షించారు, ఎంతమంది పిల్లల మీద?' అన్న ఒక్క ప్రశ్న వేసి, జవాబు రాతపూర్వకంగా చేతికి అందేవరకు ఓటీపీ చెప్పకుండా ఉండటం తప్ప కుటుంబాలకు వేరే రక్షణ లేదు.