కమ్మీ బిగిస్తే కారు భద్రమా?

జంషెడ్‌పూర్ పేరు చెప్పగానే ముందుగా ఉక్కు, ఆ వెంటనే లారీ ఛాసిస్ గుర్తుకు వస్తాయి. 1907లో ఏర్పడిన టాటా ఉక్కు కంపెనీ 1912లో ఇక్కడే తొలి ఉక్కును ఉత్పత్తి చేసింది. రైలింజన్ల తయారీ కోసం 1945లో నెలకొన్న టెల్కో, జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సంస్థ సహకారంతో 1954లో ఇదే నగరంలో లారీల తయారీకి పూనుకుంది. అప్పట్లో బీహారులోనూ, 2000 సంవత్సరం నుంచి జార్ఖండ్‌లోనూ భాగమైన ఈ నగరంలో, ఉత్తరాంధ్ర నుంచి ఉక్కు పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వాహనానికి వెన్నెముక వంటి ఛాసిస్‌ను దేశానికి అందించిన ఇటువంటి నగరంలో కూడా, కొన్న కారుకు అదనపు బలం చేకూర్చాలని ఇంటి ముంగిట స్పానర్లు పట్టే యజమాని కనిపిస్తే ఆశ్చర్యపోనవసరం లేదు. ఆ కోరిక నేడు అన్ని నగరాలకూ పాకింది.

ఛాసిస్ బ్రేస్ పేరిట బజారులో అమ్ముడవుతున్న ఈ సరంజామా చూడటానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. అది ఉక్కుతోనో అల్యూమినియంతోనో చేసిన ఒక కమ్మీ. రెండు కొసలా బోల్టుల కోసం రంధ్రాలతో కూడిన పలకలు ఉంటాయి. బానెట్ ఎత్తితే ఇంజనుకు ఇరుపక్కలా, ముందు చక్రాల స్ప్రింగులను పట్టి ఉంచే రెండు గుండ్రటి బురుజుల వంటి భాగాలు కనిపిస్తాయి. ఆ రెంటినీ కలుపుతూ కమ్మీని అడ్డంగా బిగిస్తారు. కారు అడుగు భాగాన బిగించే రకాలు కూడా ఉన్నాయి. మలుపుల్లో కారు కుదురుగా నిలుస్తుందని, బాడీ గట్టిపడుతుందని, తద్వారా భద్రత పెరుగుతుందని అమ్మకందార్లు చెబుతారు. ఈ మూడు మాటల్లో మొదటిది కొంతవరకు నిజం. రెండవది పరిమితార్థంలో నిజం. మూడవదే ప్రజలను పక్కదారి పట్టిస్తున్నది. ప్రస్తుత చర్చ ప్రధానంగా దాని గురించే.

వాహనానికి సొంతంగా బలం చేకూర్చుకునే అలవాటు మనవారికి కొత్తది కాదు. దశాబ్దాలుగా లారీలు కర్మాగారం నుంచి పూర్తి రూపంలో వెలువడేవి కావు. ఇంజను, చక్రాలు, రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటిని కలిపే అడ్డ దూలాలు మాత్రమే ఉండే ఛాసిస్‌ను, తలుపులు కూడా లేని స్థితిలో, ముఖానికి గుడ్డ చుట్టుకున్న డ్రైవర్లు వందలాది కిలోమీటర్లు నడుపుకుంటూ తీసుకువెళ్లేవారు. క్యాబిన్‌ను, సరకు తొట్టిని కట్టే బాధ్యత విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వడ్రంగులు, వెల్డర్లపై ఉండేది. ఎక్కువ బరువు మోయించదలచిన యజమాని కమానుకు మరో రెండు పట్టీలు చేర్పించేవాడు. దూలానికి పలక అతికించేవాడు. కర్మాగారం చేసినది సగం, బజారు చేసినది సగం అన్న భావన అలా మన మనసుల్లో స్థిరపడింది.

అయితే లారీకి వర్తించే ఈ లెక్క నేటి కారుకు వర్తించదు. లారీ ఛాసిస్ నిచ్చెన ఆకారంలో విడిగా ఉంటుంది. ఏ దూలం ఎక్కడ బరువు మోస్తున్నదీ కంటికి కనిపిస్తుంది. 1983లో రోడ్డెక్కిన మారుతి 800 మొదలుకొని నేటి చిన్న కార్లలో దాదాపు అన్నింటికీ ఇటువంటి విడి ఛాసిస్ లేదు. నేల, కప్పు, స్తంభాలు, గుమ్మాలు అన్నీ కలిసి ఒకే పెట్టెలా బరువును పంచుకుంటాయి. ఏ రేకు ఎంత మందం ఉండాలో, ఏది వంగాలో, ఏది వంగకూడదో రూపకర్తలు ముందుగానే నిర్ణయిస్తారు. ఈ అమరికలో ఒక చోట బిగువు పెంచితే ఆ ఒత్తిడి మరోచోటికి బదిలీ అవుతుంది. అది ఎక్కడికి పోతుందన్నది ఇంటి ముంగిట పనిచేసే యజమానికి తెలిసే అవకాశం లేదు.

కమ్మీ చేసే మేలును కూడా నిష్పక్షపాతంగా పరిశీలించవలసి ఉంది. కారు వేగంగా మలుపు తిరిగినప్పుడు స్ప్రింగుల పైకొసలు స్వల్పంగా అటూఇటూ కదులుతాయి. ఆ మేరకు చక్రం వాలు మారుతుంది. కమ్మీ ఆ కదలికను కొంత అరికట్టగలదు. పందెపు కార్లకు, బాగా వాడి వదులైన పాత కార్లకు ఈ తేడా విలువైనదే. కొన్ని కార్లకు తయారీదార్లే కర్మాగారంలో ఇటువంటి కమ్మీలు అమర్చుతారు. కాని రోజూ ఆఫీసుకు, వారానికోసారి సంతకు వెళ్లే కారులో ఈ తేడా తెలియడం కష్టం. అరిగిన టైర్లు, పాడైన షాక్ అబ్జార్బర్లు, సరిచూడని చక్రాల అలైన్‌మెంటు ఉన్న కారుకు కమ్మీ బిగించడం గోడకు బీటలుండగా గుమ్మానికి తోరణం కట్టడం వంటిదే అవుతుంది.

ఇక బిగింపు విషయం. పని తేలికేనని, నాలుగైదు బోల్టులకు మించి లేదని చెప్పడం ఆనవాయితీ. ఆ నాలుగైదు బోల్టులే ముందు చక్రపు సస్పెన్షన్‌ను బాడీకి పట్టి ఉంచుతాయన్న సంగతి మాత్రం చెప్పరు. బానెట్ కింద కమ్మీ అమర్చేటప్పుడు కారు చదునైన నేలపై నాలుగు చక్రాల మీద నిలిచి ఉండాలి. చక్రం గాలిలో వేలాడుతుండగా పై నట్లన్నీ విప్పితే స్ప్రింగుతో సహా ఆ భాగం కిందికి జారిపోగలదు. బిగించేటప్పుడు తయారీదారు నిర్దేశించిన బిగువును టార్క్ రెంచితో కొలవాలి. చేతి అంచనాతో తక్కువ బిగిస్తే నట్టు వదులవుతుంది, ఎక్కువ బిగిస్తే మర చెడుతుంది లేదా బోల్టు తెగుతుంది. కొన్ని రోజులు నడిపిన తరువాత మళ్లీ సరిచూడటం కూడా అవసరం.

అడుగున బిగించే రకాల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. కారును జాకీపై లేపి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటమే. చక్రం మార్చడానికి ఇచ్చే జాకీ చక్రం మార్చడానికే పనికి వస్తుంది. ఇటుకలు, చెక్క దిమ్మెలు హఠాత్తుగా పగిలిపోగలవు. ఉక్కు స్టాండ్లు, గట్టి నేల, పక్కన మరో మనిషి లేకుండా ఎవరూ కారు కిందికి వెళ్లరాదు. దీనికితోడు అడుగున అమర్చిన కమ్మీ వల్ల నేలకూ కారుకూ మధ్య ఎడం తగ్గుతుంది. మన వీధుల్లోని స్పీడు బ్రేకర్ల ఎత్తు తెలిసినవారికి దీని పర్యవసానం వేరే చెప్పనక్కరలేదు.

గట్టిగా ఉన్నదంతా భద్రమైనదన్న నమ్మకమే అసలు చిక్కు. ఢీకొన్నప్పుడు వాహనం వంగకుండా ఉంటే ఆ విసురు లోపలి మనిషి భరించవలసి వస్తుంది. అందుకే కారు ముందు, వెనుక భాగాలు క్రమంగా నలిగి విసురును మింగాలని, మనుషులు కూర్చునే గది మాత్రం గట్టిగా నిలవాలని డైమ్లర్-బెంజ్ ఇంజనీరు బేలా బారెన్యి ప్రతిపాదించాడు. 1950ల ఆరంభంలోనే ఆయన ఈ ఆలోచనకు పేటెంటు పొందాడు. 1959లో మెర్సిడెస్ కార్లలో అది ఆచరణకు వచ్చింది. జంషెడ్‌పూర్‌కు లారీ విద్య అందించిన సంస్థే, ఇంచుమించు అదే కాలంలో, ఎక్కడ వంగాలో తెలిసిన కారును రూపొందించడం గమనార్హం. లారీ విద్యను శ్రద్ధగా నేర్చుకున్న మనం ఈ రెండవ పాఠాన్ని చాలా ఆలస్యంగా అందుకున్నాం.

ఎంత ఆలస్యంగానన్నది 2014లో వెల్లడైంది. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఆ ఏడాది మన దేశంలో అమ్ముడవుతున్న ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించి పరీక్షించగా, పెద్దల రక్షణ విషయంలో ఐదింటికీ సున్నా నక్షత్రాలే దక్కాయి. వాటిలో మూడింటి బాడీ దెబ్బకు నిలవలేదు. మిగిలిన రెండింటి బాడీ నిలకడగానే ఉంది, అయినా వాటికి కూడా సున్నాయే వచ్చింది. కారణం వాటిలో ఎయిర్‌బ్యాగులు లేకపోవడమే. ఆ రెండింటిలో ఒకటైన ఫోక్స్‌వ్యాగన్ పోలోకు ఎయిర్‌బ్యాగులు అమర్చి పరీక్షిస్తే నాలుగు నక్షత్రాలు లభించాయి. ఉక్కు ఒక్కటే మనిషిని కాపాడలేదనడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు. నాలుగేళ్ల తరువాత, 2018లో, టాటా నెక్సాన్ ఐదు నక్షత్రాలు సాధించి భారతీయ తయారీదార్లకు ఆ స్థాయి అసాధ్యం కాదని నిరూపించింది. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరిట దేశీయ పరీక్షా విధానం కూడా అమలులోకి వచ్చింది. ఈ పరీక్షలన్నీ కర్మాగారం నుంచి వచ్చిన రూపంలోని కారుకే జరుగుతాయి. బయట కొన్న కమ్మీ బిగించిన కారుకు ఆ నక్షత్రాలు అదే విధంగా వర్తిస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మరి చట్టం ఏమంటున్నది? రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశాలకు భిన్నమయ్యే విధంగా యజమాని వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, 2000లో జరిగిన సవరణ అనంతరం, నిర్దేశిస్తున్నది. కేరళ హైకోర్టు తీర్పును తోసిపుచ్చుతూ 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. రంగు మార్పు, చిన్నచిన్న అమరికలకు అభ్యంతరం లేదని, వాహన నిర్మాణపు మౌలిక లక్షణాలు మాత్రం మారరాదని పేర్కొంది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం, అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు లేదా రెండూ విధించే వీలు కల్పించింది.

కమ్మీ ఈ రెండు కోవల్లో దేనికి చెందుతుంది? రిజిస్ట్రేషను పత్రంలో నమోదయ్యే ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, సీట్ల సంఖ్య వంటివాటిలో ఒక్కటీ దానివల్ల మారదు. ఆ లెక్కన అది చిన్న అమరికే. కాని అది చేసే పని నేరుగా నిర్మాణపు బిగువును మార్చడం. ఆ లెక్కన అది నిషిద్ధమే. ఈ సందిగ్ధంలో అమ్మేవాడికి లాభం, తనిఖీ చేసేవాడికి విచక్షణ మిగులుతున్నాయి. ప్రమాదం జరిగి బీమా సంస్థ ప్రశ్నించిన నాడు చిక్కుల్లో పడేది యజమాని ఒక్కడే. బహిరంగంగా అమ్మకాన్ని సాగనిచ్చి, కొని బిగించినవాడిని శిక్షించగలిగే చట్టం వినియోగదారుకు న్యాయం చేస్తున్నదని అనలేం.

దీనికి విరుగుడు వెదకడానికి ఎక్కడికో వెళ్లనక్కరలేదు. కార్లకు గ్యాస్ కిట్ల విషయంలో మన నిబంధనలే ఒక మార్గం చూపాయి. కిట్ నమూనాను గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ఆమోదించాలి, అధీకృత కేంద్రంలోనే దాన్ని అమర్చాలి, మార్పు రిజిస్ట్రేషను పత్రంలో నమోదు కావాలి. జర్మనీలో సస్పెన్షన్, బాడీ భాగాలకు సైతం ఇటువంటి విధానమే ఉంది. ముందుగా పరీక్షించిన భాగానికి ధ్రువపత్రం లభిస్తుంది. అవసరమైన చోట టీయూవీ వంటి సంస్థల నిపుణులు బిగింపును తనిఖీ చేసిన మీదట వాహన పత్రాల్లో నమోదు చేస్తారు. పుణెలో 1966లో నెలకొన్న ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థలు మనకూ ఉన్నాయి. ఏ నమూనా కారుకు ఏ కమ్మీ తగునో పరీక్షించి జాబితా ప్రకటించడం, అందులో లేనివాటి అమ్మకాన్ని దుకాణం స్థాయిలోనే నిలిపివేయడం వాటి సహాయంతో సాధ్యమే.

ఇంతటి చిన్న వస్తువుకు ఇంత యంత్రాంగం ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. ఒక్క 2022లోనే దేశంలో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలిగొన్నాయని కేంద్ర రవాణా శాఖ నివేదిక వెల్లడించింది. ఆ మరణాల్లో అత్యధిక భాగానికి మితిమీరిన వేగమే కారణమని కూడా అది పేర్కొంది. ఈ కమ్మీలు ఎన్ని ప్రమాదాలకు దారితీశాయన్నది ఇక్కడ ప్రశ్న కాదు. కమ్మీ బిగించుకున్న కారు మలుపులో మరింత వేగాన్ని భరించగలదన్న ధీమా డ్రైవరులో కలిగితే, దాని వెలతో పాటు ఆ ధీమాను కూడా అతడు కొనుక్కున్నట్టే. ఆ ధీమా అబద్ధమని తేలేది ప్రమాదం జరిగిన క్షణంలోనే.

ప్రభుత్వం మేలుకొనే వరకు యజమానులు చేయగలిగినది కొంత ఉంది. కారు కుదురుగా లేదనిపిస్తే ముందు టైర్లు, షాక్ అబ్జార్బర్లు, అలైన్‌మెంటు సరిచూపించుకోవడం మంచిది. అయినా కమ్మీ కావాలనుకుంటే తయారీదారు ఆమోదించినదానినే ఎంచుకొని, అనుభవమున్న మెకానిక్ చేత బిగింపించుకొని, బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేయడం విజ్ఞత. ఇదంతా ఖర్చుతో కూడిన పనే. అయితే జాకీ మీద నిలిచిన కారు కింద ఆదివారం మధ్యాహ్నం ఒంటరిగా పడుకోవడం కంటె అది చౌకే.