ట్యాబ్ పథకం, టీచరు హక్కు

2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వారం రోజుల వ్యవధిలో రెండు నిర్ణయాలు తీసుకుంది. జూన్ 10న 117వ నంబరు ఉత్తర్వు వెలువడింది. ప్రాథమిక పాఠశాలల్లోని మూడు, నాలుగు, ఐదు తరగతులను సమీపంలోని ఉన్నత పాఠశాలలకు తరలించి, తదనుగుణంగా ఉపాధ్యాయ పోస్టులను సర్దుబాటు చేయడం దాని సారాంశం. జూన్ 16న బైజూస్ సంస్థతో ఒప్పందం కుదిరింది. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఆ సంస్థ పాఠాలను చేరవేయడం, ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు పంచడం ఆ కార్యక్రమ సారాంశం. మొదటి నిర్ణయం ఉపాధ్యాయ సంఘాల ధర్నాలకు పరిమితమైంది. రెండోది ప్రభుత్వ ప్రచారంలో ప్రధానాంశమైంది. అదే ఏడాది డిసెంబర్ 21న, నాటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి పుట్టినరోజున, ట్యాబ్‌ల పంపిణీ అట్టహాసంగా మొదలైంది.

ఆ తర్వాత ఏం జరిగింది? 2022లో 2,200 కోట్ల డాలర్ల విలువ పలికిన బైజూస్, ఖతార్‌లో ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలకు ప్రాయోజకత్వం వహించిన బైజూస్, 2024 జులై నాటికి దివాలా ప్రక్రియలోకి జారిపోయింది. ఇక 2024-25 యూడైస్ ప్లస్ నివేదిక ప్రకారం దేశంలో ఒకే ఒక్క ఉపాధ్యాయుడితో నడుస్తున్న బడులు 1,04,125. వాటిలో చదువుతున్న పిల్లలు 33 లక్షలకు పైమాటే. అలాంటి బడులు అత్యధికంగా ఉన్న రాష్ట్రం బిహార్ కాదు, ఉత్తరప్రదేశ్ కాదు. 12,912 ఏకోపాధ్యాయ పాఠశాలలతో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ప్రథమ స్థానంలో నిలిచింది. ఈ పరిస్థితికి 117వ ఉత్తర్వే ప్రధాన కారణమని ఉపాధ్యాయ సంఘాలు ఆరోపిస్తూ వచ్చాయి. పరికరం పిల్లవాడి చేతిలోకి వస్తున్న కాలంలోనే ఉపాధ్యాయుడు బడి గడప దాటి వెళ్లిపోవడం యాదృచ్ఛికమని సరిపెట్టుకోవచ్చా?

దీన్ని ఒక పార్టీ వైఫల్యంగా చూస్తే అసలు విషయం చేజారిపోతుంది. చంద్రబాబు నాయుడు ప్రభుత్వం అధికారంలోకి రాగానే 16,347 ఉపాధ్యాయ పోస్టుల భర్తీపై తొలి సంతకం చేసింది. 2025లో 117వ ఉత్తర్వును రద్దు చేసి పాఠశాలల వ్యవస్థను మళ్లీ మార్చింది. ఈ మార్పు పల్లె బడిలో ఎంతవరకు కనిపిస్తుందో రాబోయే నివేదికలు తేల్చాలి. కానీ పరికరాల మీద మోజు ఏ ఒక్క పార్టీకో, ఏ ఒక్క రాష్ట్రానికో పరిమితమైనది కాదు. 2011లో కపిల్ సిబల్ ఆకాశ్ ట్యాబ్లెట్‌ను ఆవిష్కరించినప్పుడు అది 35 డాలర్ల అద్భుతమని దేశం మురిసిపోయింది. ఇప్పుడు దాని ఊసెత్తేవారు లేరు. అదే ఏడాది తమిళనాడులో జయలలిత ఉచిత ల్యాప్‌టాప్ పథకాన్ని ప్రారంభించారు. ఉత్తరప్రదేశ్‌లో అఖిలేశ్ యాదవ్ ప్రభుత్వం పంచిన ల్యాప్‌టాప్ తెరిస్తే చాలు, తండ్రీకొడుకుల చిత్రాలు తెరపై ప్రత్యక్షమయ్యేవి. విద్యలో సాంకేతికతకు మన రాజకీయాలు ఇచ్చిన అర్థమేమిటో ఆ తెర చెప్పినంత స్పష్టంగా ఏ విధానపత్రమూ చెప్పలేదు.

రాజకీయ నాయకులకు పరికరం ఎందుకంత ప్రియమైనదో అర్థం చేసుకోవడం కష్టం కాదు. ట్యాబ్ ఒకసారి కొంటే సరిపోతుంది. దానికి టెండరు ఉంటుంది, పంపిణీ సభ ఉంటుంది, పెట్టె మీద బొమ్మ ఉంటుంది. ఉపాధ్యాయుడి నియామకం అలా కాదు. అది ముప్పై ఏళ్ల జీతం, ఆపై పింఛను, బదిలీలు, సీనియారిటీ వివాదాలు, కోర్టు కేసులు. ట్యాబ్ ధర్నా చేయదు. వేతన సవరణ సంఘం నివేదిక ఏమైందని అడగదు. ఖజానా ఒత్తిడిలో ఉన్న ఏ ప్రభుత్వానికైనా ఈ రెండింటిలో ఏది సులువో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే చట్టం మరోలా చెబుతోంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం, ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఉన్న బడిలో అరవై మంది లోపు పిల్లలున్నా సరే ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. అది కనీస ప్రమాణం. లక్షకు పైగా బడులు ఆ ప్రమాణానికి దిగువన నడుస్తున్నా ఏ చట్టసభలోనూ ప్రభుత్వాలు ఇబ్బంది పడిన దాఖలాలు లేవు. ట్యాబ్ పథకం. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, లేదా ఆగిపోతుంది. రెండో టీచరు హక్కు. ప్రభుత్వం మారినా అది మారకూడదు. పథకాన్ని చూపించి హక్కును మరిపించడం మన విద్యా రాజకీయాల్లో ఆరితేరిన విద్య.

ఏకోపాధ్యాయ బడుల్లో చాలా చోట్ల పిల్లలు పదిహేను, ఇరవై మందే కదా, ఇద్దరు టీచర్లు అవసరమా అని ఆర్థిక శాఖ అధికారులు అడుగుతారు. ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఆంధ్రప్రదేశ్‌లోని 12,912 బడుల్లో ఉన్న పిల్లలు సుమారు రెండు లక్షలే. కానీ పదిహేను మంది పిల్లలంటే ఒక తరగతి కాదు, అయిదు తరగతులు. ఆ ఒక్క టీచరు సెలవు పెడితే, శిక్షణకు వెళితే, ఓటర్ల జాబితా పనికి వెళితే ఆ రోజు బడి లేనట్టే.

2024 సార్వత్రిక ఎన్నికలకు ముందు ఒక ఉత్తరాది రాష్ట్రంలో తిరుగుతూ అలాంటి బడి ఒకటి చూశాను. గోడకు కొత్త తెర బిగించి ఉంది, దుమ్ము పడకుండా దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. అది పాడైపోలేదు, పనిచేస్తోంది. అక్కడి ఉపాధ్యాయురాలు చెప్పిన మాట నాకింకా గుర్తుంది. "ఇది వేస్తే నాలుగో తరగతి పిల్లలు బుద్ధిగా చూస్తారండీ. చూశాక వాళ్లకు సందేహం వస్తుంది. అది తీర్చడానికి ఒకటో తరగతి పిల్లలను వదిలేసి నేనే రావాలి కదా" అన్నారామె. మర్నాటి నుంచి రెండు రోజులు ఎన్నికల శిక్షణకు వెళ్లాలని, బడికి తాళం పడుతుందని కూడా చెప్పారు.

సాంకేతికత నిజంగా అక్కరకు వచ్చేది ఇలాంటి చోటనే. ఒక తరగతికి పాఠం చెబుతున్నప్పుడు మరో తరగతికి తెరపై పాఠం నడవడం, కొండ మీది గూడెంలో మాతృభాషలో కథ వినిపించడం, చూపు లేని విద్యార్థికి పుస్తకాన్ని చదివి వినిపించడం చిన్న విషయాలు కావు. ఇవి వద్దనేవారు పిల్లల శత్రువులే. కానీ ట్యాబ్‌లు వెళ్లింది ఒకటో తరగతికీ రెండో తరగతికీ కాదు, ఎనిమిదో తరగతికి. చదవడం, లెక్కించడం కుదురుకోవలసిన వయసులో పిల్లలను ఒంటరి టీచరుకు వదిలేసి, ఆ పునాది లేకుండానే పైతరగతికి వచ్చినవారి చేతిలో పరికరం పెట్టాం. 2024 అసర్ నివేదిక ప్రకారం గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. రెండేళ్ల క్రితం అది 16.3 శాతం. మెరుగుదల ఉంది, కాదనను. అయినా నలుగురిలో ముగ్గురు ఇంకా చదవలేకపోతున్నారు.

మన దేశం ఈ పాఠం నేర్చుకోవడానికి అర్ధశతాబ్దం నాడే అవకాశం వచ్చింది. 1975 ఆగస్టు 1న ఇస్రో 'సైట్' ప్రయోగాన్ని ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ కార్యక్రమాలు చేరాయి. ఉదయం పూట బడిపిల్లలకు పాఠాలు ప్రసారమయ్యాయి. దేశం అత్యవసర పరిస్థితిలో ఉంది, పత్రికల నోటికి తాళం ఉంది, పల్లెల్లో మాత్రం ఆకాశం నుంచి చదువు దిగివచ్చింది. ఆ ఉపగ్రహం మనది కాదు, నాసాది. ఏడాది గడువు ముగియగానే అమెరికా దాన్ని వెనక్కి తీసుకుంది, ప్రసారాలు ఆగిపోయాయి. అరువు తెచ్చుకున్న పరికరం మీద నిలబెట్టిన చదువు, అరువు తీరగానే ఆగిపోతుందని సైట్ చెప్పింది. బైజూస్ అదే మాట మళ్లీ చెప్పింది.

2004 సెప్టెంబర్ 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ నింగికెగసింది. చదువు కోసమే తయారైన మన తొలి ఉపగ్రహం అది. చాలా చోట్ల దాని వినియోగం ఆశించిన స్థాయిలో లేదని కాగ్ తప్పుబట్టింది. కానీ కేరళలో మాత్రం అదే ఉపగ్రహం ఆసరాగా 2005లో అబ్దుల్ కలాం ప్రారంభించిన విక్టర్స్ వేదిక నిలదొక్కుకుంది. 2020 జూన్ 1న, కరోనా కాలంలో, ఆ రాష్ట్రం తన పాఠాలను ఆ ఛానల్ ద్వారానే ప్రసారం చేసింది. తేడా ఎక్కడుంది? 2001లోనే అక్కడ ఐటీ ఎట్ స్కూల్ మొదలైంది. ముందు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నారు. పాఠాలను తమ ఉపాధ్యాయుల చేతనే తయారు చేయించారు. టీవీ, ఫోను లేని ఇళ్ల పిల్లల సమస్య అక్కడా తలెత్తింది. అప్పుడు గ్రంథాలయాల్లో, అంగన్‌వాడీల్లో ఇరుగుపొరుగు అధ్యయన కేంద్రాలు తెరిచారు. అక్కడ సాంకేతికత ప్రభుత్వ సొత్తుగా, ఉపాధ్యాయుడి పనిముట్టుగా ఉంది. కంపెనీలు లేచినా పడినా ఆ పాఠాలు చెక్కుచెదరవు.

మిగతా దేశంలో కరోనా ఏం చూపించిందో మరిచిపోరాదు. 2017-18 జాతీయ నమూనా సర్వే నాటికి పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు దాదాపు 4 శాతం. ఆన్‌లైన్ తరగతులే చదువని ప్రకటించే ముందు ఈ లెక్క ప్రభుత్వాల దగ్గర లేకపోలేదు. జాన్ డ్రేజ్, రీతికా ఖేరా తదితరులు 2021లో పదిహేను రాష్ట్రాల పేద కుటుంబాల్లో చేసిన సర్వేలో, క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్న గ్రామీణ పిల్లలు 8 శాతమే అని తేలింది.

ఇప్పుడు ఇంటింటా ఫోను ఉంది కదా అంటారు. నిజమే. గ్రామీణ ప్రాంతాల్లో 14-16 ఏళ్ల పిల్లల ఇళ్లలో దాదాపు 90 శాతానికి స్మార్ట్‌ఫోన్ ఉందని అసర్ చెబుతోంది. కానీ అది ఎవరి ఫోను? ఫోను వాడగలిగిన పిల్లల్లో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 36 శాతం, అమ్మాయిలు 27 శాతం. 2019లో కేరళ హైకోర్టు ముందుకు వచ్చిన కేసు గుర్తు చేసుకోవాలి. సాయంత్రం ఆరు నుంచి పది వరకు ఫోను వాడరాదన్న మహిళా హాస్టల్ నిబంధనను ఒక విద్యార్థిని సవాలు చేసింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యతా హక్కులో భాగమని న్యాయస్థానం తీర్పు చెప్పింది.

ఆ హక్కును గౌరవించవలసిన రాజ్యమే ఇంటర్నెట్ మీటను తన చేతిలో పెట్టుకుంది. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో నిలిచిపోయిన 4జీ సేవలు పూర్తిగా తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. కరోనా తరగతులను అక్కడి పిల్లలు 2జీ వేగంతో విన్నారు. 2024 జులైలో విద్యార్థులు వీధుల్లోకి రాగానే బంగ్లాదేశ్ ప్రభుత్వం దేశమంతటా ఇంటర్నెట్‌ను ఆపేసింది. ఆరో తరగతి దాటిన బాలికలకు బడి తలుపులు మూసేసిన తాలిబన్లు 2025 సెప్టెంబర్ చివర దేశవ్యాప్తంగా ఇంటర్నెట్‌నూ నిలిపివేశారు. ఆన్‌లైన్ పాఠాలే దిక్కైన అమ్మాయిలకు ఆ రెండు రోజులు అదీ లేకుండా పోయింది. ఈ ఉదంతాలు ఒకే తీవ్రత కలవి కావు. కానీ బడిలో మనిషి లేకుండా తీగ మీదే చదువు నడిస్తే, తీగ తెంచే అధికారం ఉన్నవాడి దయ మీద చదువు ఆధారపడుతుందని మూడూ చెబుతున్నాయి.

తాజా మంత్రం కృత్రిమ మేధ. 2026-27 విద్యాసంవత్సరం నుంచి మూడో తరగతి మొదలుకొని దాన్ని బోధిస్తామని కేంద్ర విద్యాశాఖ 2025 అక్టోబరులో ప్రకటించింది. మంచిదే. కాని నలుగురిలో ముగ్గురు రెండో తరగతి పాఠం చదవలేని ఆ మూడో తరగతి గదిలో ఈ పాఠం చెప్పేదెవరు?

అందుకే సాంకేతికత కావాలా వద్దా అన్న చర్చను పక్కన పెట్టి, ప్రభుత్వాలను మూడు విషయాల్లో నిలదీయాలి. ఏకోపాధ్యాయ బడి ఒక్కటీ మిగలకుండా ఎప్పటిలోగా చేస్తారో చట్టసభలో గడువు ప్రకటించాలి. ప్రైవేటు సంస్థలతో కుదుర్చుకునే ప్రతి విద్యా ఒప్పందాన్నీ సభ ముందుంచాలి. పాఠాలు ఎవరివి, పిల్లల సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది, సంస్థ మూతపడితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు అందులో జవాబు ఉండాలి. పరికరాలపై పెట్టే ఖర్చు ఎనిమిదో తరగతి నుంచి కాక ఒకటో తరగతి నుంచి, రెండో టీచరు వచ్చిన బడి నుంచి మొదలు కావాలి.

రేపటి ఎన్నికల సభల్లో కూడా నాయకులు పిల్లల చేతిలో ఏదో ఒక మెరిసే వస్తువు పెట్టి ఫొటో దిగుతారు. అది తీసుకోవద్దని ఎవరూ చెప్పనక్కర్లేదు. తీసుకుంటూనే, మా ఊరి బడిలో రెండో టీచరు ఎప్పుడొస్తారని అడగాలి. ఓటరు అడగనంతకాలం ఆ ఖాళీ భర్తీ కాదు.