కొంగ బిళ్ల పీకేశాను, తౌబా చెయ్యను

సైకిల్ నుంచి కొంగ బిళ్ల పీకేసినందుకు నాలుగు రోజులుగా మా ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే మానె.

నంగునూరులో పాత ఇనుప సామాను దుకాణంలో ఓ సైకిల్ కొన్నాను. పద్దెనిమిది వందలు. "ఇంగ్లండ్ ర్యాలీ సాబ్, నిజాం జమానాది" అన్నాడు అమ్మినాయన. హ్యాండిల్ కింద కొంగ తల బిళ్ల ఉంది. తమ్ముడు ఫోటో తీసి ఖాందాన్ గ్రూపులో పెట్టేశాడు: "దాదాజాన్ తొక్కిన ఇంగ్లండ్ సైకిల్." మా దాదా జిందగీలో సైకిల్ ఎక్కలేదు. మాషా అల్లాహ్‌లు మాత్రం ముప్పై దాకా వచ్చాయి.

ఓవరాయిలింగ్‌కి నాతోపాటు కూర్చున్నది అబ్బా దగ్గర హునర్ నేర్చుకున్న ముసలి మిస్త్రీ చాచా. ఆయన బిళ్ల వంక చూడనే లేదు. "బిళ్లదేముంది బేటా, రెండు రివిట్లు కొడితే ఎవని నెత్తికైనా అతుకుతది. పళ్ల చక్రం చూడు" అన్నాడు. ర్యాలీ చక్రంలో కొంగలు కోసి ఉంటాయి. బీఎస్ఏ చక్రంలో ఆ మూడు అక్షరాలుంటాయి. మా దాంట్లో ఏవీ లేవు. చక్రం ఎప్పుడో మార్చి ఉంటారేమో అన్నాను. చాచా నవ్వి పెడల్ ఇరుసు విప్పాడు. నాటింగ్‌హామ్ ర్యాలీ ఆ ఇరుసు కప్పులకు అంగుళానికి 26 మరలు కోసేది, మిగతా ఇంగ్లండ్ కంపెనీలు 24. బజారులో దొరికే మామూలు 24 మరల కప్పు వేళ్లతో తిప్పితేనే నున్నగా ఎక్కేసింది. బిళ్ల ఊడదీస్తే కింద వేరే బిళ్ల తాలూకు రెండు పాత రంధ్రాలు. సీటు గొట్టం మీద మూడు పొరల రంగు డీజిల్ గుడ్డతో, గోటితో మెల్లగా దించితే భూగోళాన్ని భుజాల మీద మోస్తున్న మనిషి బయటపడ్డాడు. అట్లాస్. 1951లో సోనీపత్‌లో పుట్టిన కంపెనీ.

(మా మండలం నర్మెట్టలోనే 2017లో పురావస్తు శాఖ వాళ్లు పాత సమాధులు తవ్వారు. అంత ఓపికగా మేమూ రంగు గీకాం.)

తమ్ముడి ముఖం వాడిపోయింది. "అట్లాస్ అని ఎవరికి చెప్పుకుంటం భయ్యా? కొంగను ఉండనీ."

ఈ మాట మీదే నా గుస్సా. ఇది సైకిల్ సంగతే అయితే ఊరుకునేవాణ్ణి. దూది ఏకి, గాజులమ్మి, ఈ మట్టిలోనే బతికిన ఇళ్లలో కూడా రిష్తా మాటలు మొదలుకాగానే మక్కా నుంచో బుఖారా నుంచో ఒక గుర్రం వచ్చి గుమ్మం ముందు ఆగుతుంది. నకిలీ నసబ్‌లు! పాత రంధ్రాల మీద కొత్త బిళ్లలు!

నేనేమీ ఫరిష్తాను కాను. మర్హూమ్ అబ్బాది సైకిల్ టాక్సీ. గంట లెక్కన కిరాయి సైకిళ్లు, పంక్చర్లు, బెండు తీయడం. ఆ పైసలతోనే ఉర్దూ మీడియం బడికి వెళ్లాను, తెలుగులో డిగ్రీ చేశాను. నా రిష్తా మాట్లాడే రోజున అమ్మాయి వాళ్లు "వాలిద్ సాబ్ ఏం చేస్తారు?" అని నన్నడిగితే "బిజినెస్" అన్నాను. అబ్బా పక్కనే ఉన్నారు. ఒక్క మాట అనలేదు. గ్రీజు నల్లగా ఇంకిపోయిన వేళ్లను మెల్లగా దస్తీ కింద దాచుకున్నారు.

ఇప్పుడు ఫోన్‌లలో మనల్ని "పంక్చర్‌వాలా" అని తిడుతుంటే మనవాళ్లు ఉడికిపోయి "మాలో డాక్టర్లున్నారు, కలెక్టర్లున్నారు" అని జవాబిస్తున్నారు. ఆ జవాబుతోనే ఓడిపోతున్నాం. పంక్చర్ వేయడం గాలీ అని తిట్టినవాడితోపాటు మనమూ ఒప్పుకున్నట్టే కదా!

పిల్లలు పంపు కొడుతూనే బతకాలా అని అడుగుతారు. కాదు. పాఠం అప్పజెప్పనిదే అబ్బా నన్ను పానా ముట్టనిచ్చేవారు కాదు. పిల్లల్ని తప్పకుండా చదివించండి. కానీ హలాల్ రోజీని దాచిపెట్టే షరమ్‌ను వాళ్లకు నేర్పించకండి. దావూద్ అలైహిస్సలాం ఇనుముతో కవచాలు చేసేవారని జుమా బయాన్‌లో విని సుబ్హానల్లాహ్ అంటాం. బయటికొచ్చి, తండ్రి వయసున్న మనిషిని "ఏయ్ మిస్త్రీ, జల్దీ గాలి కొట్టు" అంటాం. చాచాకు ఆ మరల లెక్క ఏ కాలేజీ చెప్పింది? అది ఇల్మ్ కాదా?

అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న మూతపడింది. సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడు. వందల మంది కార్మికుల రోజీ పోయింది. ఆ చేతులు చేసిన దానికి మనం ఇంగ్లండ్ పేరు తగిలించి మురిసిపోవాలా?

కొత్త రంగు వేయించను. బయటపడ్డ బొమ్మ మీద మళ్లీ పొర ఎందుకు? తుప్పు దించి, నూనె పెట్టి, బెండు తీయించి తొక్కుతున్నాను. కొంగ బిళ్ల తమ్ముడికే ఇచ్చేశాను, కావాలంటే తన బుల్లెట్‌కి కొట్టుకోనీ. మీ ఇంట్లో ఎక్కడైనా పాత అట్లాస్ బిళ్ల పడి ఉంటే చెప్పండి, పైసలిచ్చి తీసుకుంటాను. అందాకా ఆ రెండు రంధ్రాలూ అట్లాగే ఉంటాయి.